పాత జీపును ఇంటియొద్ద బాగుచేయుట: ఒక రైతు పదునొకండేండ్ల పని

“ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము” అని మన పెద్దలు చెప్పిరి. పాత జీపును ఇంటియొద్ద బాగుచేసి చూడుము అని మూడవ మాటను మేము చేర్చుచున్నాము. పైరుల పనిమీద గ్రామములు తిరుగునపుడు పశువుల పాకలలోను, వేపచెట్ల నీడలలోను చక్రములు లేక రాళ్లపై నిలిచియున్న జీపులను మేము పెక్కింటిని చూచియున్నాము. వానిలో ననేకము నడచి నడచి పాడై నిలిచినవి కావు. బాగుచేయవలెనని విప్పగా నిలిచినవి. విప్పుట రెండు దినముల పని. కూర్చుట యేండ్ల పని. ఈ భేదమును ముందుగా నెఱుగనివారికి సొమ్మును దక్కదు, బండియు దక్కదు. విప్పినదానిని మరల కూర్చి బాటపై నడపిన యొక రైతు పని క్రమమును సభ్యుల ముందుంచుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

జీపు మన పల్లెలకు వచ్చిన విధము

జీపు యుద్ధమునకై పుట్టిన బండి. అమెరికా సైన్యము కోరగా బాంటమ్ కంపెనీవారు 1940లో మొదటి నమూనాను చేసిరి. పిమ్మట విల్లీస్ కంపెనీవారును, ఫోర్డు కంపెనీవారును 1941 మొదలు 1945 వఱకు ఆఱు లక్షలకు పైగా బండ్లను చేసి సైన్యమున కిచ్చిరి. 1945లోనే విల్లీస్‌వారు దానిని రైతు బండిగా మార్చి అమ్మజూపిరి. పనిముట్లను లాగుటకు వెనుక కొక్కెమును, యంత్రములను త్రిప్పుటకు ఇంజను శక్తిని బయటికి దీసికొను సాధనమును దాని కమర్చుకొనవచ్చును. మన దేశమున మహీంద్రా కంపెనీవారు 1940ల చివర బొంబాయిలో జీపులను కూర్చ నారంభించిరి. 1953లో విల్లీస్‌వారు వెలువరించిన సీజే-3బి యను రకమును మహీంద్రావారును పెక్కేండ్లు చేసిరి.

1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము మొదలు కాగా బ్లాకు అధికారులతోడను, గ్రామసేవకులతోడను ఈ బండి మన యూళ్లకు వచ్చినది. 1959లో పంచాయతీ సమితు లేర్పడిన పిమ్మట దానికి “సమితి జీపు” అను పేరు నిలిచినది. 1986 నాటి చట్టముచే సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చిన కాలమున, మేము చెప్పబోవు రైతు తండ్రి యట్టి జీపు నొకదానిని వేలములో కొనెను. కొన్నియేండ్లు అది విత్తనములను, ఎరువులను మోసినది. తరువాత గేరుపెట్టె చెడి వేపచెట్టు క్రింద నిలిచిపోయినది. కుమారుడు 2013లో దానిపై చేయి వేసెను. 2024లో అది మరల బాటపై నడచెను.

మొదట కాగితములు

ఆ రైతు మొట్టమొదట పట్టినది పానా కాదు, తండ్రి ట్రంకుపెట్టె. వేలపు రసీదును, రిజిస్ట్రేషను పత్రమును వెదకి తీసి, అందలి సంఖ్యలతో ఛాసీపైని సంఖ్యను, ఇంజనుపైని సంఖ్యను పోల్చి చూచెను. ఈ రెండును సరిపడనియెడల ఎంత సొమ్ము పోసి బాగుచేసినను బండి యింటి యలంకారమే గాని బాటపై నడువదు.

సొంత బండి రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. ఆపై పరీక్ష చేయించి యైదేసి యేండ్లకు మార్చుకొనుచుండవలెను. ఏబదియేండ్లు దాటి, పూర్వరూపము చెడని బండ్లకు 2021 నిబంధనలచే “వింటేజి” రిజిస్ట్రేషను వేఱుగా నేర్పడినది. ఇరువదివేల రూపాయల రుసుముతో నది పదియేండ్లు చెల్లును. కాని యట్టి బండిని నిత్యము బాటపై నడుపరాదు, బాడుగకు త్రిప్పరాదు. పొలమునకు తిరుగుటకు బండి కావలసిన రైతునకు మొదటి మార్గమే తగినది. ఏ మార్గమైనను రవాణా కార్యాలయమున ముందుగా విచారించి, పిమ్మటనే సొమ్ము వెచ్చింపవలెను.

విప్పుటయందు నియమము

ఆయన బండి నంతయు నొక్కమాఱుగా విప్పలేదు. ఒక భాగమును విప్పి, శుభ్రపఱచి, బాగుచేసి, కూర్చి, ఆ తరువాతనే రెండవ భాగమును ముట్టెను. విప్పు ముందు సెల్‌ఫోనుతో ఛాయాచిత్రము తీసెను. నట్లను, బోల్టులను విత్తనపు సంచులవంటి చిన్న గుడ్డసంచులలో వేసి, ఏ భాగమున కేది చెందునో చీటి వ్రాసి కట్టెను. పనికిరాని వస్తువునుగూడ దానికి బదులు దొరకువఱకు పాఱవేయలేదు. విజయవాడ ఆటోనగరులో కొత్త సామాను బేరము చేయునపుడు పాతది చేతిలో నుండుటయే కొలత యనెను.

తుప్పు పట్టిన నట్టును బలముతో త్రిప్పినచో బోల్టు తెగును. ముందునాటి సాయంకాలము నూనె పెట్టి, మరునాడు ప్రయత్నింపవలెను. అప్పటికిని రానియెడల వేడి చూపవలెను. కాని పెట్రోలు తొట్టియొద్దను, గొట్టములయొద్దను మంట పనికిరాదు. విల్లీస్ రకపు పాత జీపులలో ఎడమ ప్రక్క చక్రముల నట్లకు మర ఎదురుగా నుండును. ఈ సంగతి తెలియక బిగియు వైపునకే బలము పెట్టి మరలను తెంచుకొన్నవారు పలువురు.

ఛాసీయు, తుప్పును

రంగు వేయుట చివరి పని. బాగుచేయబూనినవారిలో చాలమంది దానినే మొదట చేయుదురు. జీపునకు బలమంతయు క్రిందనున్న ఉక్కు చట్రములో, అనగా ఛాసీలో, నున్నది. ఆ రైతు చిన్న సుత్తితో దాని నడుగడుగున కొట్టి వినెను. మంచి ఇనుము గంటవలె మ్రోగును, తుప్పు తిన్నది బొద్దుగా పలుకును. మట్టి నిలుచు మూలలయందును, స్ప్రింగు పట్టీలు తగులుకొను కొక్కెములయందును నాలుగుచోట్ల పుచ్చు కనబడెను. పైన రేకు అతికించి కప్పివేయక, పుచ్చిన భాగమును కోయించి, ఆ మందపు ఉక్కునే వేయించి వెల్డింగు చేయించెను. ఇందులకు రెండేండ్లు పట్టెను.

ఈ బండిలో పెట్రోలు తొట్టి ముందాసనము క్రింద నుండును. వెల్డింగునకు ముందు దానిని విప్పి దూరముగా నుంచవలెను, బ్యాటరీ తీగలను తీసివేయవలెను. ఖాళీ తొట్టి ప్రమాదము లేనిదని తలంపరాదు. అందు మిగిలిన ఆవిరియే నిప్పు తగిలినచో ప్రేలును.

ఇంజను

యుద్ధపు జీపు ఇంజనునకు అఱువది గుఱ్ఱముల బలము. సీజే-3బి యింజను కొలతలో నంతియే యయ్యును, డెబ్బదియైదు గుఱ్ఱముల బలము కలది. గాలిని పీల్చు వాల్వులను బ్లాకునుండి పైకి, హెడ్డులోనికి, మార్చుటచే నీ బల మెక్కువయ్యెను. ఇంజను ఎత్తు పెరుగుటవలననే యీ రకపు జీపునకు బోనెట్టు ఎత్తుగా నుండును.

ఏండ్ల తరబడి నిలిచిన యింజనులో పిస్టనులు సిలిండరుల గోడలకు పట్టుకొనును. ట్రాక్టరునకు కట్టి లాగిన తిరుగునని కొందఱు సలహా చెప్పిరి. ఆ రైతు వినలేదు. స్పార్కు ప్లగ్గులను తీసి, రంధ్రములలో కిరసనాయిలును, ఇంజనాయిలును కలిపి పోసి, దినమున కొకమాఱు ముందు హ్యాండిలును చేతితో కొంచెము కదపి చూచుచుండెను. పండ్రెండవ దినమున నది కదలెను. బలముతో లాగియుండినచో పిస్టను రింగులు విఱుగుట గాని, కనెక్టింగు రాడ్డు వంగుట గాని జరిగియుండును. నిదానమే ప్రధానమను మాట యిక్కడ అక్షరాల నిజము. హెడ్డు విప్పించి, వాల్వులను అరగదీయించి, రేడియేటరులో పేరుకొన్న సున్నపు పెచ్చును కడిగించిన పిమ్మట, 2018లో ఇంజను పలికెను.

నాలుగు చక్రముల మర్మము

గేరుపెట్టె వెనుక ట్రాన్స్‌ఫర్ కేసను రెండవ పెట్టె యున్నది. వెనుక చక్రములకు పోవు శక్తిని ముందు చక్రములకును పంచునది యిదియే. దీనికి రెండు కఱ్ఱలు: ఒకటి ముందు చక్రములను కలుపుటకు, రెండవది వేగము తగ్గించి బలము పెంచుటకు. నల్లరేగడి బురదలో ఇది ప్రాణదాత. గట్టి తారుబాటపై నిది బండికే శత్రువు. ఎట్లనగా, మలుపు తిరుగునపుడు ముందు చక్రములు వెనుక చక్రములకంటె ఎక్కువ దూరము పోవలెను. ఈ భేదమును సర్దు సాధనము ముందు వెనుకల నడుమ నీ జీపులో లేదు. బురదలో చక్రము కొంచెము జాఱి ఆ లెక్క సరిపోవును. గట్టినేలపై జాఱుటకు వీలులేక ఒత్తిడి యంతయు పండ్లచక్రములమీదను, ఇరుసులమీదను పడును. కావున బురద దాటగానే ముందు చక్రములను విడదీయవలెను. నాలుగు టైర్లును ఒకే కొలతవిగా నుండవలెను. రెండు కొత్తవి, రెండు అరిగినవి వేసినచో సాగుబాటపైగూడ నీ పోరు తప్పదు.

ముందిరుసు కొనలయందలి గుండ్రని గిన్నెలను విప్పగా, గ్రీజు స్థానమున ఎఱ్ఱని తుప్పునీరు వచ్చెను. సీళ్లు ఎండి పగులుటవలన వాననీరు లోనికి దిగినది. బేరింగులను, సీళ్లను మార్చించుటకే ఒక పంటకాలము పట్టెను.

బ్రేకులు

ఇంజను పలికిన దినమున వృద్ధుడైన తండ్రి మంచమును వాకిట వేయించుకొని ఆ ధ్వనిని వినెను. “నాయనా, ఒక్కమాఱు ఊరిచుట్టు త్రిప్పుము” అని యడిగెను. బండి యప్పటికి మెల్లగా కదలగలదు. బ్రేకుల పని మాత్రము కాలేదు. “బ్రేకులు కానిదే నిన్ను ఎక్కించను నాన్నా” అని కుమారుడు బదులు చెప్పెను. మరుసటి యేడు పంట చేతికి రాకమునుపే తండ్రి కాలము చేసెను. ఊరిలో కొందఱు ఆ కుమారుని నిష్ఠురముగా మాటాడిరి.

ఆ వేసవిలో బ్రేకులు విప్పుటకు ముందు ఆయన నూనె పోసి, నిలిచియున్న బండిలోనే పెడలును గట్టిగా నదిమి చూచెను. ముందు చక్రమునకు పోవు రబ్బరు గొట్టము పగిలి, పెడలు నేలకు దిగిపోయెను. ఇట్టి పాత జీపులో నాలుగు బ్రేకులకును నూనె త్రోవ యొక్కటే. ఒకచోట పగిలినచో నాలుగును పోవును. మా గ్రామపు చెఱువుకట్ట దిగుడును ఎఱిగినవారికి ఇంతకంటె చెప్ప నక్కఱలేదు. కుమారుడు చేసినదే సరియైన పని యని మేము నమ్ముచున్నాము. ఆ మాట నీ పత్రికాముఖమున చెప్పుట మాకు విధి.

గొట్టములను, చక్రముల సిలిండరులను, పెడలు క్రిందనున్న మాస్టరు సిలిండరును మార్పింపవలెను. బ్రేకునూనెకు బదులు ఇంజనాయిలు పోయరాదు. రబ్బరు ఉబ్బి చెడును. పాత బ్రేకు పట్టీలలో ఆస్‌బెస్టాసు ఉండుట కలదు; ఆ ధూళిని ఊదక, తడిగుడ్డతో తుడువవలెను. జాకీని మాత్రమే నమ్మి బండి క్రిందికి దూరరాదు. గట్టి దిమ్మలను పెట్టి, త్రోసి చూచి, పిమ్మట దూరవలెను.

ధనము

“అన్నా, ఈ యినుమును తూకమునకు వేయరాదా?” అని యిరుగుపొరుగువా రనేకమాఱు లడిగిరి. ఆయన ఆ ప్రశ్నను తేలికగా తీసికొనలేదు. ప్రత్యేకముగా నొక పుస్తకము పెట్టి, ప్రతి నట్టు ఖరీదును వ్రాసెను. పంట అమ్మి, బాకీలు తీర్చి, విత్తనమునకు తీసిపెట్టిన తరువాత మిగిలినదానిలో పదియవ వంతే జీపుదని నియమము పెట్టుకొనెను. వానలు లేని రెండేండ్లు మిగులు లేదు. ఆ రెండేండ్లును బండిని టార్పాలిను కప్పి యుంచెను. కుమార్తె పెండ్లి యేడును అంతే. పదునొకండేండ్లు పట్టుటకు ముఖ్యకారణ మిదియే.

గేరుపెట్టెకై ఒకమాఱు పంట ఋణమునుండి కొంత వాడుకొందునని ఆయన సంఘమునకు వచ్చెను. పంట ఋణము పంటకే యని కార్యవర్గమువా రొప్పుకొనలేదు. ఆ యేడు మినుము తెగులుచే సగము పోయెను. “ఆ సొమ్ము గేరుపెట్టెలో వేసియుండినచో, నేడు జీపును, పొలమును రెండును వేలమునకు వచ్చియుండును” అని ఆయనయే మాతో ననెను. అప్పు చేసి పప్పుకూడు తినరాదన్నట్లే, అప్పు చేసి పాత బండిని బాగుచేయరాదు.

సభ్యులకు మనవి

లాభనష్టముల లెక్కలో నిట్టి పని నిలువదని మేము నిస్సంశయముగా చెప్పగలము. పొలము పనికి శీఘ్రముగా బండి కావలసినవారు నడుచుచున్న దానినే కొనవలెను. ఇంటి పెద్దల గుఱుతుగా నుంచదలచినవారును, యంత్రమును తమ చేతులతో నేర్వదలచినవారును మాత్రమే దీనికి పూనుకొనవలెను. ఆ రైతు నేర్చిన విద్య వృథా కాలేదు. ఇప్పుడు ఆయన తన పంపుసెట్టును, ట్రాక్టరు బ్రేకులను తానే చూచుకొనుచున్నాడు. ఇద్దఱు యువకులకు పని నేర్పుచున్నాడు.

మంచి పానాల పెట్టెయు, దిమ్మలును, టార్కు కొలుచు పానాయు ఒక్కొక్కరు కొనుట దండుగ. పదిమంది సభ్యులు కలిసి యొక జత కొని సంఘపు గిడ్డంగిలో నుంచుకొన్నచో, జీపునకే గాక ట్రాక్టరులకును, నూర్పిడి యంత్రములకును పనికివచ్చును. ఈ విషయమును రాబోవు సర్వసభ్య సమావేశమున చర్చింపవలెనని కోరుచున్నాము. విప్పిన బండి యెవరి యింటనైన నున్నచో, వారు రేపే యొక పుస్తకము తెచ్చి, ఉన్న భాగములను, లేని భాగములను రెండు వరుసలుగా వ్రాయుదురుగాక. ఆ పట్టిక పూర్తియైన పిమ్మట బాగుచేయుటయో, తూకమునకు వేయుటయో వారికే తెలియును.