ప్రవాహ పాత్రలలో పాలిమర్ల సంస్కరణము

చంద్రపూర్‌లోని లాల్‌పేట్ బొగ్గుగనుల ప్రాంతము. అచ్చటి తెలుగు కార్మిక కుటుంబములకు బొగ్గును తరలించు రెండు పద్ధతులు సుపరిచితములు. టబ్బులలో నింపి విడతలు విడతలుగా చేర్చుట మొదటిది. కదలుచున్న బెల్టుపై ఎడతెగక పంపుట రెండవది. రసాయన పరిశ్రమలోను ఈ భేదమే కలదు. పాత్రలో ద్రవ్యములు పోసి, చర్య ముగిసిన పిమ్మట దింపి, కడిగి, మరల నింపుట విడత పద్ధతి. ఒక కొన ద్రవ్యములు ప్రవేశించుచుండగా, రెండవ కొన ఫలితము వెలువడుచుండుట ప్రవాహ పద్ధతి.

చిన్న అణువులు గొలుసువలె కూడి ఏర్పడిన మహాణువే పాలిమర్. ఈ భావమును 1920లో ప్రతిపాదించిన జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగర్‌కు 1953లో నోబెల్ బహుమానము లభించినది. చంద్రపూర్ అడవుల వెదురులోని సెల్యులోజు ప్రకృతి నిర్మించిన పాలిమర్. గొలుసును వీలైనంతవరకు తెగనీయక, దానిపై నున్న సమూహములను మార్చి క్రొత్త గుణములు కలిగించుటయే సంస్కరణము.

ఇందుకు ఉదాహరణము దూరమున లేదు. బల్లార్షా నుండి కాజీపేటకు పోవు రైలుమార్గముపై నున్న కాగజ్‌నగర్‌లో, సిర్‌సిల్క్ కర్మాగారము మూతపడుటకు పూర్వము ఎసిటేటు కృత్రిమ పట్టునూలును తయారుచేసెడిది. సెల్యులోజులోని ప్రతి గ్లూకోజు విభాగమునందును మూడు హైడ్రాక్సిల్ సమూహములు గలవు. గంధకామ్లము ఉత్ప్రేరకముగా, ఎసిటిక్ ఎన్‌హైడ్రైడు వీనిని ఎసిటేటు సమూహములుగా మార్చును. మూడును మారిన పదార్థము ఎసిటోనులో కరగదు. నీటి చర్యచే కొంత వెనుకకు మరలించి, మారినవి సగటున రెండున్నరకు సమీపముగా నుండునట్లు నిలిపినచో కరగును. అప్పుడు ఆ ద్రావణము నుండి నూలు తీయవచ్చును. కావున చర్యను ఎచ్చట ఆపవలెనన్నదే ముఖ్యము. చర్యలో పుట్టిన వేడి తొలగనిచో గొలుసులు తెగి, నూలు బలహీనమగును.

ప్రవాహ పాత్రయొక్క ప్రయోజనము ఇచ్చటనే తెలియును. ఒక మీటరు వ్యాసముగల స్తంభాకార పాత్రలో ఘనమీటరు ద్రవమునకు 4 చదరపు మీటర్ల ప్రక్కగోడ మాత్రమే తగులును. ఒక సెంటీమీటరు గొట్టములో అదియే 400 చదరపు మీటర్లు. కనుక వేడి త్వరగా తొలగును. చర్యాకాలమును నిర్ణయించుటయు సులభము: గొట్టములో రెండు లీటర్లు పట్టి, నిమిషమునకు పావు లీటరు ప్రవహించినచో, ద్రవము సగటున 8 నిమిషములు లోపల నుండును.

అయితే ఈ సగటును గ్రుడ్డిగా నమ్మరాదు. పాలిమర్ ద్రావణములు పాకమువలె చిక్కనివి. సామాన్య ద్రవమైనను గొట్టములో నెమ్మదిగా ప్రవహించునపుడు నడుమ భాగము సగటు వేగమునకు రెట్టింపు వేగముతో పోవును. గోడనంటిన పొర దాదాపు కదలదు. అందుచే కొన్ని గొలుసులు తక్కువగాను, కొన్ని మితిమీరియు మారును. దీనిని నివారించుటకు గొట్టములో కదలని మిశ్రణ ఫలకములను అమర్చుదురు. లేదా జంట మరలుగల యంత్రమును వాడుదురు. పాలిప్రొపిలీనును ఈ యంత్రములో కరగించి, పెరాక్సైడు సాయమున మాలెయిక్ ఎన్‌హైడ్రైడును అంటుగట్టుదురు. అట్లు మారిన ప్లాస్టిక్కు గాజునారతో గట్టిగా అంటుకొనును. కాని పెరాక్సైడు గొలుసులను తెంపును గూడ. కావున మోతాదును, కాలమును, వేడిని మించనీయరాదు.

ప్రవాహ పద్ధతిలో ఏ క్షణమునందైనను చర్యలో నుండు ద్రవ్యము స్వల్పమగుటచే, ప్రమాదము సంభవించినను దాని తీవ్రత తగ్గును. కాని పాకము గడ్డకట్టి గొట్టము మూసికొనెనా, మొత్తము పని నిలిచిపోవును. తరచుగా రకములు మార్చుచు కొద్ది సరకు చేయువారికి నేటికిని విడత పద్ధతియే మేలు. ఒక్కచోట బెల్టు తెగినచో దానిపై వచ్చు బొగ్గంతయు ఆగునని ఎరిగిన గని కార్మికునకు ఈ మర్మము బోధపడుట కష్టము కాదు. ఎడతెగని ప్రవాహమునకు ఎడతెగని జాగరూకతయే మూలధనము.