పోయిన జంతువు తిరిగొస్తుందా?

చచ్చిపోయిన రాజకుమారుడు మంత్రజలం చల్లగానే లేచి కూర్చున్న కథలు మీరు చాలా వినే ఉంటారు. అంతరించిన జంతువుల్ని మళ్ళీ పుట్టిస్తామని శాస్త్రజ్ఞులు అంటే అదీ అలాంటి కథేనా? వరంగల్లు కాశిబుగ్గలో ఉండే ఒక పాప ఈ ప్రశ్న అడిగిందనీ, ఆ పాప తల్లి జీవశాస్త్రజ్ఞురాలనీ అనుకుందాం. ఆమె ఏమంటుంది? బహుశా మన హైదరాబాదు సంగతితోనే మొదలుపెడుతుంది.

"మన దేశంలో పూర్వం చీతాలుండేవి బిడ్డా! చిరుతపులి వేరు, చీతా వేరు. చీతా కళ్ళనుంచి మూతిదాకా నల్లటి చారలుంటాయి. వేటవల్లా, పచ్చిక మైదానాలు తగ్గిపోవడంవల్లా అవి నశించాయి. 1952లో చీతా అంతరించిందని ప్రభుత్వం ప్రకటించింది. 2000 ప్రాంతంలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు, లాల్జీ సింగ్ నాయకత్వంలో, క్లోనింగ్ పద్ధతిలో చీతాను పుట్టించాలనుకున్నారు."

"క్లోనింగ్ అంటే ఏమిటమ్మా?"

"ప్రతి జంతువు శరీరమూ కణాలతో తయారవుతుంది. కణంలోని కేంద్రకంలో ఆ జంతువు ఎలా ఉండాలో తెలిపే సమాచారం ఉంటుంది. ఆడ చిరుత అండంలోని కేంద్రకాన్ని తీసేసి, చీతా కణంలోని కేంద్రకాన్ని అందులో పెట్టాలి. అది పిండంగా ఎదిగితే ఆడ చిరుత గర్భంలో ఉంచాలి. ఇదీ వాళ్ళ ఆలోచన. కాని బతికున్న ఆసియా చీతా కణాలు కావాలి. ఆ చీతాలు ఇరాన్‌లోనే మిగిలాయి. ఇరాన్ ఒప్పుకోలేదు. పని ఆగిపోయింది."

"ఇంకెవరూ చెయ్యలేదా?"

"స్పెయిన్‌లో చేశారు. బుకార్డో అనే కొండమేకల్లో చివరిది 2000లో చనిపోయింది. ముందుగానే దాని కణాల్ని అతిశీతల స్థితిలో దాచి ఉంచారు. 2003లో వాటినుంచి ఒక పిల్ల పుట్టింది. ఊపిరితిత్తుల లోపంవల్ల కొద్ది నిమిషాలకే చనిపోయింది."

"అయితే ఈ ప్రయోగాలు వద్దంటావా?"

"వద్దనను. కాని ఒక్క పిల్ల పుడితే జాతి తిరిగొచ్చినట్టు కాదు. దానికి తోడు కావాలి, తిండి కావాలి, తిరగడానికి అడవి కావాలి. ఏ కారణంవల్ల పోయిందో ఆ కారణం తొలగాలి. అందుకే, పోయినదాన్ని తేవడంకంటే ఉన్నదాన్ని కాపాడటం ముందు పని అంటాను. హైదరాబాదులో సి.సి.ఎం.బి., జంతుప్రదర్శనశాల కలిసి కుందేలంత ఉండే మూషిక జింకల్ని పెంచి, 2017నుంచి అమ్రాబాద్ అడవిలో వదిలారు. అది నాకు ఎంతో నచ్చిన పని."

పిల్లలూ! మీ తాతయ్యనో నాయనమ్మనో ఒక మాట అడగండి: రాబందుల్ని ఆఖరుసారి ఎప్పుడు చూశారు? ఒకప్పుడు మన ఊళ్ళ బయట చచ్చిన పశువుల దగ్గర అవి గుంపులుగా వాలేవి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు, ఆ కళేబరాల్ని తిన్న రాబందుల మూత్రపిండాల్ని పాడుచేసింది. 1990ల నుంచి అవి లక్షల సంఖ్యలో చనిపోయాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. కొన్ని రాబందులు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటికి క్లోనింగ్ అక్కర్లేదు. విషం లేని తిండి, గూడు కట్టుకునేందుకు చోటు ఉంటే చాలు.