చూపు బాగుంటే కళ్లు బాగున్నట్టేనా?

షుగరు ఉన్నవాళ్లు కాళ్ల గురించి, కిడ్నీల గురించి భయపడతారు. కళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం పేపర్లో చిన్న అక్షరాలు కూడా కనిపిస్తున్నాయన్న ధీమా.

అపోహ: చూపు బాగుంది కాబట్టి కళ్లకు ఏమీ కాలేదు.

వాస్తవం: కంటి లోపలి తెర రెటీనాకు రక్తం అందించే నాళాలు వెంట్రుక కన్నా ఎంతో సన్నవి. వాటి గోడలకు దన్నుగా పెరిసైట్లనే కణాలుంటాయి. షుగరు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే తొలి దెబ్బ తగిలేవాటిలో ఇవీ ఉంటాయి. దన్ను పోయినచోట నాళం గోడ ఉబ్బుతుంది. అక్కడినుంచి రక్తం చుక్కలుగా చిమ్ముతుంది, నీరూ కొవ్వూ ఊరతాయి. డాక్టరుకు కనిపించే ఎర్రటి చుక్కలు, పసుపుపచ్చ మచ్చలు అవే. ఇదంతా అంచుల్లో జరుగుతున్నంతకాలం మనకు తెలియదు. చదవడానికి, ముఖాలు గుర్తుపట్టడానికి పనికొచ్చేది మధ్యలో ఉన్న మాక్యులా అనే చిన్న భాగమే. అక్కడ నీరు చేరితేనే అక్షరాలు మసకబారతాయి, గీతలు వంకర్లు పోతాయి.

మరోవైపు కొన్ని నాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను వదిలి కొత్త నాళాలను మొలిపిస్తుంది. అవి వట్టి నాసిరకం. తెగితే కంట్లోని జెల్లీలోకి రక్తం కారుతుంది. రాత్రి బాగానే చూసి పడుకున్న మనిషికి పొద్దున్నే కంటిముందు నల్లటి సాలెగూడు ఆడుతున్నట్టు కనిపించవచ్చు.

అపోహ: కళ్లద్దాల షాపులో టెస్టు చేయించాను, చాలు.

వాస్తవం: అక్షరాల బోర్డు అద్దాల నంబరు చెబుతుంది, రక్తనాళాల సంగతి చెప్పదు. చుక్కలమందు వేసి కంటిపాపను పెద్దది చేసి చూడాలి, లేదా ఫండస్ కెమెరాతో ఫొటో తీయాలి. చుక్కలు వేశాక కొన్ని గంటలు వెలుతురు చూడలేం, బండి నడపలేం. పరీక్ష వాయిదా పడేది సగం ఈ బెడదకేనని నా అనుమానం. టైప్-2 బయటపడేనాటికే ఒంట్లో కొన్నేళ్లుగా ఉండి ఉండొచ్చు, అందుకే తెలిసిన వెంటనే కళ్లు చూపించుకోవాలి. టైప్-1 అయితే ఐదేళ్లలోపు. తర్వాత డాక్టరు వేరుగా చెప్పకపోతే ఏటా. అన్నట్టు, షుగరు బాగా పెరిగి తగ్గుతున్న రోజుల్లో కంటి లెన్స్ ఉబ్బి నంబరు మారుతుంది. అప్పుడు కొత్త అద్దాలు చేయిస్తే డబ్బు దండగ.

అపోహ: షుగరు అదుపులో ఉంది, నాకు రాదు.

వాస్తవం: టైప్-1 వారిపై అమెరికా, కెనడాల్లో జరిగి 1993లో ఫలితాలు వెలువడిన డీసీసీటీ అధ్యయనంలో, షుగరును గట్టిగా అదుపు చేసినవారిలో ఈ రెటీనా జబ్బు మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. తగ్గింది, పోలేదు. షుగరు వచ్చి ఎన్నేళ్లయింది, బీపీ ఎంతుంది అన్నవీ లెక్కలోకి వస్తాయి.

‘ఇన్సులిన్ మొదలుపెట్టాకే చూపు తగ్గింది’ అనే మాటలో రవ్వంత నిజముంది. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగరు వేగంగా దిగితే రెటీనా జబ్బు కొన్నాళ్లు ముదరవచ్చు. డీసీసీటీలోనూ ఇది కనిపించింది, కానీ కాలక్రమంలో లాభమే పైచేయి అయింది. చేయాల్సింది ఇన్సులిన్ మానడం కాదు, మొదలుపెట్టేముందు రెటీనా చూపించుకోవడం.

అపోహ: లేజర్‌తో పోయిన చూపు వస్తుంది. లేదా, ఉన్నదీ పోతుంది.

వాస్తవం: లేజర్ ప్రధానంగా ఉన్న చూపును నిలపడానికే. అంచుల చూపు, చీకట్లో చూపు కొంత తగ్గొచ్చు. ఆ మేరకు భయం అబద్ధం కాదు. మాక్యులా వాపుకు వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లున్నాయి. మొద్దుబారే చుక్కలు వేసి కంటి తెల్లగుడ్డులోంచి ఇస్తారు. వీటితో చాలామందికి చూపు మెరుగవుతుంది. కానీ ఒక్కదానితో అయ్యే పని కాదు. కాస్త బాగా కనిపించగానే మధ్యలో మానేస్తే వాపు మళ్లీ రావచ్చు.