వీడియోకి సొంతిల్లు

2018 జూన్ మధ్యలో బ్లెండర్ ఫౌండేషన్ యూట్యూబ్ చానల్ తెరిచినవాళ్లకి ఒక్క వీడియో కూడా కనిపించలేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఈ సంస్థ త్రీడీ యానిమేషన్‌కి వాడే ‘బ్లెండర్’ సాఫ్ట్‌వేర్‌ని ప్రపంచానికంతటికీ ఉచితంగా ఇస్తోంది. ‘బిగ్ బక్ బనీ’, ‘సింటెల్’ లాంటి పొట్టి సినిమాలు తీసి, ఎవరైనా చూడండి, కాపీ చేసుకోండి, మార్చుకోండి అని వదిలేసింది. ఆ సినిమాలు, పాఠాలు, సదస్సుల్లో నిపుణులు చేసిన ప్రసంగాలు అన్నీ ఆ చానల్‌లోనే ఉండేవి. అందులో ఇంకొకరి పాట లేదు, బూతు లేదు. వాళ్లు చేయని పని ఒకటే, తమ వీడియోల మధ్య ప్రకటనలకి ఒప్పుకోలేదు.

సంస్థ అప్పటి అధినేత టోన్ రోజెండాల్ యూట్యూబ్‌తో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలని బయటపెట్టారు. ప్రకటనల ఆదాయానికి సంబంధించిన కొత్త ఒప్పందం మీద సంతకం పెట్టాలన్నది అవతలి నుంచి వచ్చిన మాట. అదే సమయంలో అమెరికాలోని ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ పాఠాలు కూడా మాయమయ్యాయి. గోల పెద్దదయ్యాక, కొద్ది రోజుల్లోనే, అందరి వీడియోలూ తిరిగొచ్చాయి.

బ్లెండర్ మాత్రం అవి తిరిగొచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. పీర్‌ట్యూబ్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చి సొంత సర్వర్‌లో పెట్టుకుని, వీడియోలని అక్కడికి ఎక్కించడం మొదలుపెట్టింది. ఆ వేదిక ఇప్పటికీ నడుస్తోంది. బ్లెండర్ యూట్యూబ్‌నీ వదల్లేదు. కొత్త వీడియోలు అక్కడా పెడుతోంది, ఇక్కడా పెడుతోంది. మరోసారి ఎవరైనా తలుపు మూసినా చూపించడానికి ఇంకో చోటుంది.

పిలక ఎవరి చేతిలో?

యూట్యూబ్ చేసిన మేలు చిన్నది కాదు. 2005 ఏప్రిల్ 23న జంతు ప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలబడి జావెద్ కరీమ్ మాట్లాడిన తొలి వీడియో అందులో చేరేనాటికి, ఇంటర్‌నెట్‌లో వీడియో పెట్టడమంటే జేబుకి చిల్లే. చూసేవాళ్లు పెరిగేకొద్దీ సర్వర్ బిల్లు పెరిగేది. ఆ బిల్లుని తన నెత్తిన వేసుకోవడమే యూట్యూబ్ విజయ రహస్యం. మరుసటి ఏడాదే గూగుల్ దాన్ని 165 కోట్ల డాలర్లకి కొనేసింది.

ఆ ఉచిత వేదిక లేకపోతే జగిత్యాల జిల్లా లంబాడిపల్లి కుర్రాళ్ల ‘మై విలేజ్ షో’ ఊరు దాటేది కాదు. గంగవ్వ మాట తీరు తెలుగు ఇళ్లన్నిటికీ చేరేది కాదు. గుంటూరు జిల్లాలో పొలం గట్టున పొయ్యి వెలిగించి నూరేళ్లు దాటిన వయసులో వండిన మస్తానమ్మని దేశదేశాలవాళ్లు చూసేవారు కాదు. సినిమా నిర్మాతల గడప తొక్కకుండా, టీవీవాళ్లని బతిమాలకుండా పల్లె మనిషి పేరు తెచ్చుకునే దారి అది. పూర్తి నిడివి వీడియోల మీద వచ్చే ప్రకటనల రాబడిలో 55 శాతం చానల్‌వాళ్లకే వస్తుంది. దాని మీదే ఇల్లు గడుపుకుంటున్నవాళ్లు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లకి ఉన్నపళంగా యూట్యూబ్ మానేయమని చెప్పడం అన్యాయం.

అయితే నియమాలు రాసేదీ, మార్చేదీ అవతలివాళ్లే. 2018 జనవరిలో యూట్యూబ్ ఆదాయ నిబంధన మార్చింది. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉంటేనే ప్రకటనల డబ్బు అంది. అప్పటిదాకా నాలుగు రాళ్లు కళ్లజూసిన చిన్న చానళ్లు నెల తిరిగేసరికి పక్కకి జరిగాయి. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రయిక్‌లు పడితే చానలే పోతుంది. ఒక చానల్ వీడియోని మరొకరి సొత్తుగా పొరబడటం కూడా జరిగేదే. 2012 ఆగస్టులో క్యూరియాసిటీ రోవర్ అంగారకుడి మీద దిగిన కాసేపటికే, నాసా తన సొంత చానల్‌లో పెట్టిన వీడియో ఒక వార్తా సంస్థ పేరు మీద నమోదైన కాపీరైట్ ఫిర్యాదుతో కనబడకుండా పోయింది. నాసా కాబట్టి కొద్ది గంటల్లో దాన్ని వెనక్కి తెచ్చుకోగలిగింది. కరీంనగర్ జిల్లాలో ఒగ్గుకథ రికార్డు చేసి పెట్టిన కళాకారుడికైతే ఫిర్యాదు ఫారం నింపడమే పెద్ద పరీక్ష.

ఎవరు ఏం చూడాలో నిర్ణయించే చేయి కూడా అదే. యూట్యూబ్‌లో జనం గడిపే సమయంలో 70 శాతానికి పైగా సిఫార్సుల వల్లే నడుస్తోందని ఆ సంస్థ ఉన్నతాధికారి నీల్ మోహన్ 2018లో చెప్పారు. ఇప్పుడు ఆయనే సీఈవో. సబ్‌స్క్రైబర్లు లక్షమంది ఉన్నా, కొత్త వీడియో వాళ్ల ముందుకి వెళ్తుందన్న హామీ లేదు. చానల్ యజమాని దగ్గర వాళ్ల ఫోన్ నంబర్లు ఉండవు, ఈమెయిల్ చిరునామాలూ ఉండవు.

ఈ పాఠం తెలుగు కుర్రకారుకి అన్నిటికంటే గట్టిగా తగిలిన రోజు 2020 జూన్ 29. కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లని నిషేధించింది. నిషేధానికి కారణాలు దేశ భద్రతకి సంబంధించినవి, వాటి మంచిచెడ్డలు వేరే చర్చ. నిన్నటిదాకా లక్షల అభిమానులున్న కూలీలు, డ్రైవర్లు, గృహిణులు మర్నాటికి ఎవరికీ కానివాళ్లయ్యారు. కొన్ని వారాల్లో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, ఆ సెప్టెంబర్‌లో యూట్యూబ్ షార్ట్స్ భారతదేశంలో అడుగుపెట్టి ఖాళీ చోటుని ఆక్రమించాయి. జనం ఒక పెద్ద ఇంటినుంచి మరో పెద్ద ఇంటికి మూటాముల్లె సర్దుకున్నారు. పాత వీడియోల అసలు ఫైళ్లు ఫోన్‌లో దాచుకోనివాళ్లు వాటిని అక్కడే వదిలేసి వచ్చారు.

ఒక్కడు రాసిన కోడ్

ఫ్రామాసాఫ్ట్ అనే ఫ్రెంచి సంఘం మూలాలు కొందరు టీచర్లు నడిపిన వెబ్‌సైట్‌లో ఉన్నాయి. 2004లో అది సంఘంగా మారింది. 2014 నుంచి గూగుల్ సేవలకి బదులుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సేవలని ఒక్కొక్కటిగా జనానికి అందించడం దాని ఉద్యమం. ఆ జాబితాలో అందరినీ భయపెట్టిన పేరు యూట్యూబ్. కోట్ల గంటల వీడియోని మోయగల డబ్బు ఏ స్వచ్ఛంద సంఘం దగ్గరా లేదు.

దారి చూపించినవాడు షోకోబోజ్ అనే మారుపేరుతో కోడ్ రాసే ఒక ప్రోగ్రామర్. 2015లో సరదాగా మొదలుపెట్టిన పీర్‌ట్యూబ్‌ని చూసి, 2017లో ఫ్రామాసాఫ్ట్ అతన్ని పనిలోకి తీసుకుంది. మరుసటి ఏడాది జనం దగ్గర చందాలు అడిగితే, 20,000 యూరోలు కావాలన్న చోట 53,000 యూరోలకి పైగా వచ్చాయి. బ్లెండర్ వీడియోలు మాయమైన వార్త సరిగ్గా ఆ చందాల సమయంలోనే బయటపడటం దీనికి ఊపునిచ్చింది. 2018 అక్టోబర్‌లో పీర్‌ట్యూబ్ తొలి పూర్తి వెర్షన్ వచ్చింది. చాలా ఏళ్లపాటు జీతం తీసుకుని దాని కోడ్ రాసింది ఆ ఒక్కడే. ఇంత పెద్ద కంపెనీల ప్రపంచంలో అంత చిన్న బృందం నిలదొక్కుకోవడం గొప్ప సంగతి.

యూట్యూబ్‌లా పీర్‌ట్యూబ్ ఒకే వెబ్‌సైట్ కాదు. ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకోగల సాఫ్ట్‌వేర్ అది. ఒక కాలేజీ ఒకటి పెట్టుకోవచ్చు, ఒక నాటక సమాజం మరొకటి పెట్టుకోవచ్చు. ప్రపంచంలో ఇలాంటి వేదికలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఎవరి నియమాలు వాళ్లవి, ఎవరి వీడియోలు వాళ్ల డిస్కులో ఉంటాయి. అయినా ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అందుకు వాడే భాష యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ 2018 జనవరిలో దాన్ని ఆమోదించింది. ఆచరణలో అది ఇలా ఉంటుంది: మాస్టడాన్ అనే ట్విటర్ లాంటి వేదికలో ఖాతా ఉన్న మనిషి, ఒక పీర్‌ట్యూబ్ చానల్‌ని అక్కడినుంచే ఫాలో కావచ్చు. కొత్త వీడియో రాగానే అది అతని టైమ్‌లైన్‌లో కనిపిస్తుంది. దానికి అక్కడే జవాబు రాస్తే, ఆ జవాబు పీర్‌ట్యూబ్‌లో వీడియో కింద వ్యాఖ్యగా చేరుతుంది. రెండు వేర్వేరు సంస్థలు, వేర్వేరు సర్వర్లు, మధ్యలో కొత్త ఖాతా అక్కర్లేదు. జీమెయిల్ నుంచి యాహూకి మెయిల్ వెళ్లినంత సహజంగా జరిగిపోతుంది.

సర్వర్ బిల్లు సమస్యకి పీర్‌ట్యూబ్ వెతుక్కున్న జవాబు ఇంకా ముచ్చటైనది. ఒకే వీడియోని ఒకేసారి చాలామంది చూస్తుంటే, ఒకరి బ్రౌజర్‌కి చేరిన ముక్కలు పక్కవాళ్లకి కూడా అందుతాయి. సర్వర్ ఒక్కటే అందరికీ మోయక్కర్లేదు. 2021 జనవరిలో వచ్చిన మూడో వెర్షన్ ప్రత్యక్ష ప్రసారాలకీ ఈ పద్ధతి తెచ్చింది. 2023 చివర్లో ఫ్రామాసాఫ్ట్ వెయ్యిమంది ఒకేసారి చూస్తే ఏమవుతుందోనని పరీక్ష పెట్టి, ఓ మోస్తరు సర్వర్‌తోనే అది సాధ్యమని తేల్చింది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద బతికే మన ఫోన్ ప్రేక్షకుడు దీన్ని సెట్టింగ్స్‌లో ఆపేసుకోవడమే మేలు, ఎందుకంటే పక్కవాళ్లకి పంపే డేటా కూడా ప్యాక్‌లోంచే పోతుంది. పంచుకునేటప్పుడు ఐపీ చిరునామా అవతలివాళ్లకి కనిపిస్తుందన్న సంగతీ తెలిసుండాలి.

డబ్బు విషయంలో మాత్రం దాపరికం వద్దు. పీర్‌ట్యూబ్‌లో ప్రకటనలు లేవు, కాబట్టి ప్రకటనల రాబడీ లేదు. వీడియో కింద విరాళం అడిగే బటన్ పెట్టుకోవచ్చు, అంతే. సిఫార్సుల వరదా ఉండదు, చూసేవాళ్లని మనమే పిలుచుకురావాలి. ఫ్రామాసాఫ్ట్ సెపియా సెర్చ్ పేరుతో వేదికలన్నిటినీ వెతికే యంత్రం పెట్టింది, 2024 డిసెంబర్‌లో ఫోన్ యాప్ కూడా తెచ్చింది. యాప్ స్టోర్ల నిబంధనల వల్ల అందులో మొదట ఎంపిక చేసిన వేదికలనే చూపించాల్సి వచ్చింది. పెద్ద కంపెనీల గేటు నుంచి తప్పించుకోవడం అంత తేలిక కాదని అక్కడే తెలుస్తుంది.

వికేంద్రీకరణ పేరుతో వచ్చినవన్నీ నిలబడలేదు. క్రిప్టో టోకెన్ల మీద వీడియో వేదిక కట్టిన ఎల్‌బీఆర్‌వై మీద అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2021లో కేసు వేసింది, 2022 నవంబర్‌లో తీర్పు కంపెనీకి వ్యతిరేకంగా వచ్చింది, ఆ తర్వాత అది మూతపడింది. ఐరోపా డేటా రక్షణ పర్యవేక్షకుడి కార్యాలయం 2022 ఏప్రిల్‌లో పీర్‌ట్యూబ్ మీద ఈయూ వీడియో అనే వేదికని ప్రయోగంగా పెట్టింది. రెండేళ్లు నడిచాక, దాన్ని తన భుజాన వేసుకునే మరో ఈయూ సంస్థ దొరక్క 2024 మేలో మూసేశారు. సాఫ్ట్‌వేర్ బాగానే పనిచేసింది, బాధ్యత తీసుకునే దిక్కు లేకపోయింది.

నిలబడ్డ ఉదాహరణ ఫ్రాన్స్ బడుల్లో ఉంది. కరోనా లాక్‌డౌన్ మొదలైన 2020లో అక్కడి విద్యాశాఖ తన టీచర్ల కోసం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సేవలని ఒకచోట చేర్చి, పాఠాల వీడియోలకి పీర్‌ట్యూబ్‌ని ఎంచుకుంది. పిల్లలు లెక్కల పాఠం చూసేటప్పుడు మధ్యలో ప్రకటన రాదు. పాఠం అయిపోగానే పక్కన ఇంకేదో వీడియో పిలవదు. ఖర్చు ప్రభుత్వానిది, నిర్వహణకి మనుషులున్నారు, అందుకే అది బతికింది.

మన దగ్గర ఎవరు పూనుకోవాలి?

తెలంగాణలో ప్రభుత్వ విద్యా ప్రసార సంస్థ టీ-శాట్ వేల పాఠాలు తయారుచేస్తోంది. విశ్వవిద్యాలయాల సదస్సులు, సాహిత్య సభలు, జానపద కళల రికార్డింగులు రోజూ ఎక్కడో ఒకచోట యూట్యూబ్‌కి ఎక్కుతున్నాయి. షేక్ నాజర్ బుర్రకథ, చిందు భాగవతం, తోలుబొమ్మలాట, పాత నాటకాల క్యాసెట్లు... ఇలాంటివి అభిమానులు ఓపిగ్గా డిజిటల్‌లోకి మార్చి పెడుతున్నారు. వాళ్ల చానల్ ఫిర్యాదులతో పోతే, క్యాసెట్ అప్పటికే బూజు పట్టి ఉంటే, పోయినదాన్ని ఎక్కడినుంచి తెస్తారు? ప్రజల డబ్బుతో తీసిన పాఠానికీ, తరాల నుంచి వచ్చిన కళకీ సంతలో చోటుంటే మంచిదే. వాటి ఇంటి తాళం మాత్రం సంతవాడి చేతికివ్వకూడదు.

దీనికి కావలసినది పెద్దదేం కాదు. యూట్యూబ్ సూచించే లెక్క ప్రకారం 1080పీ వీడియోకి సెకనుకి 8 మెగాబిట్లు. గంట వీడియో 3.6 జీబీ. వంద గంటల హరికథలంటే 360 జీబీ. తక్కువ వేగం ఫోన్ల కోసం చేసే చిన్న సైజు ప్రతులు కలిపినా ఒక టెరాబైట్ హార్డ్‌డిస్క్‌లో పట్టేస్తాయి. అసలు బరువు ఆ ప్రతులు తయారుచేయడంలో ఉంటుంది, అది ప్రాసెసర్‌ని పిండేస్తుంది. 2023లో వచ్చిన 5.2 వెర్షన్ నుంచి ఆ పనిని వేరే కంప్యూటర్లకి అప్పగించే వీలుంది. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో రాత్రిళ్లు ఖాళీగా ఉండే కంప్యూటర్లకి ఇది చక్కని పని. 2024లో వీడియోలోని మాటలని విని దానంతటదే ఉపశీర్షికలు రాసే సదుపాయం వచ్చింది. తెలుగులో తప్పులు దొర్లుతాయి, దిద్దుకునేందుకు మనుషులు కావాలి.

ఆ మనుషులు మన దగ్గర లేకపోలేదు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి తెలుగులో లినక్స్ తెచ్చే పని చేస్తూ వచ్చింది, ఊరూరా కాలేజీ పిల్లలకి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నేర్పింది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాని రెండు దశాబ్దాలుగా జీతం లేకుండా నడిపిస్తున్నవాళ్లున్నారు. వికీమీడియా కామన్స్ స్వేచ్ఛా లైసెన్స్ ఉన్న వీడియోలని ఇప్పటికే తీసుకుంటుంది. ఇంటర్‌నెట్ ఆర్కైవ్ కూడా తీసుకుంటుంది. అయితే 2024 అక్టోబర్‌లో సైబర్ దాడితో అది రోజుల తరబడి మూగబోయింది కాబట్టి ఒక్కదాని మీదే భారం వేయకూడదు. ఒక విశ్వవిద్యాలయం సర్వర్ ఇస్తే, సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు నిర్వహిస్తే, అమెరికాలోని తెలుగు సంఘాలు ఖర్చులో పాలు పంచుకుంటే ఒక తెలుగు వేదిక నిలబడుతుంది. ఈయూ వీడియో గతి పట్టకుండా, పదేళ్లకి బాధ్యత ఎవరిదో ముందే కాగితం మీద రాసుకుని దిగాలి.

అది తయారయ్యేలోగా చానల్ నడిపేవాళ్లు ఈ వారమే చేయగల పని ఉంది. గూగుల్ టేకౌట్‌లోకి వెళ్లి యూట్యూబ్‌కి మాత్రమే టిక్ పెడితే, తాము ఎక్కించిన వీడియోలన్నీ మూటకట్టి డౌన్‌లోడ్‌కి ఇస్తుంది. వాటిని రెండు హార్డ్‌డిస్కుల్లోకి తీసుకుని, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువులింట్లో ఉంచాలి. వీడియో వివరణలో సొంత వెబ్‌సైట్ చిరునామా పెట్టి, అభిమానుల ఈమెయిల్ జాబితా ఒకటి మొదలుపెట్టాలి. ప్రేక్షకుల వైపునుంచి చూస్తే, న్యూపైప్ లాంటి యాప్‌లో యూట్యూబ్ చానళ్లనీ పీర్‌ట్యూబ్ చానళ్లనీ ఒకేచోట, గూగుల్ ఖాతా లేకుండానే ఫాలో కావచ్చు. ఇక పీర్‌ట్యూబ్‌లో 2022 నుంచి ఉన్న సింక్ సదుపాయంతో యూట్యూబ్ చానల్ చిరునామా ఒకసారి ఇస్తే, ఆ వేదిక నిర్వాహకులు అనుమతించినంత మేర అక్కడ పెట్టిన ప్రతి కొత్త వీడియో సొంత వేదికకీ వచ్చి చేరుతుంది. రెండుసార్లు ఎక్కించే చాకిరీ కూడా తప్పుతుంది.