ప్రయాణపు బండిలో గొడ్డలి

పూర్వము మన పెద్దలు దూరప్రయాణమునకు బండి కట్టునపుడు నీళ్లకుండ, కందెన, పలుపులు, లాంతరు, వానితోబాటు ఒక గొడ్డలి సిద్ధపఱచుకొనెడివారు. ఇరుసు విఱిగినను, చెట్టు క్రింద దిగి వంట చేసికొనవలసి వచ్చినను దానితోనే పని. నేడు ఎడ్లబండి స్థానమున కారును, ట్రాక్టరును వచ్చినవి. బండి మాఱినది గాని దారికడ్డముగా చెట్లు కూలుట మానలేదు. స్టెప్నీ చక్రమును, జాకీని మఱువక ఉంచుకొనువారు సహితము గొడ్డలి మాట తలపెట్టరు. తలపెట్టినవారును దానిని ఉంచవలసిన తీరున ఉంచుకొనరు. ఈ రెండవ తప్పు నేను చేసినదే గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాసకు చేరువగా తీరము దాటెను. ఉద్దానపు కొబ్బరితోటలు, జీడిమామిడి తోటలు నేలకొఱగినవి. మఱునాడు తోటలను చూచుటకై ఇద్దరు రైతులను వెంటబెట్టుకొని నా కారులో బయలుదేరితిని. ఒక గ్రామపు పొలిమేరలో పెద్ద జీడిమామిడి చెట్టు దారికడ్డముగా పడియుండెను. ఆవలిప్రక్క ఒక ఆటో నిలిచియున్నది. అందొక వృద్ధుడు కూర్చుండియుండెను. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎంతమందిని పట్టి పీడించుచున్నదో పాఠకులెఱుగుదురు. ఆ వృద్ధుడు డయాలిసిస్ చేయించుకొనువాడు. తుపాను మూలమున ఒక వాయిదా అప్పటికే తప్పినది. కాళ్లు పొంగి, ఆయాసపడుచుండెను. వెంటనున్న కుమారుని చేతిలో చిన్న కత్తి తప్ప మఱేమియు లేదు.

నా గొడ్డలి కారు డిక్కీలో వేసవి మొదలుకొని పడియున్నది. గర్వముగానే దానిని తీసితిని. చెట్టులో కరెంటు తీగలు చిక్కుకొనలేదని ముందు చూచుకొంటిమి. తీగ ఉన్నయెడల ఎంత అవసరమైనను చేయి వేయరాదు. తరువాత కొమ్మలు కొట్ట మొదలిడితిని. నాలుగవ వేటుకు గొడ్డలి తల కామనుండి ఊడి, ఆ కుమారుని చెవి ప్రక్కగా పోయి కాలువలో పడెను. జానెడు ఇటుగా వచ్చియుండిన ఏమగునో! అతడు ఒక్క మాటయైనను అనలేదు. కాలువలో దిగి, తడివి, తల తెచ్చి నా చేతికిచ్చెను. నాకు ముఖమెత్తుటకు సిగ్గయ్యెను.

కారణము తెలియనిది కాదు. ఎండలో నిలిచిన కారు లోపల కొలిమివలె కాగును. ఆ వేడికి కఱ్ఱలోని చెమ్మ ఆఱి కామ సన్నబడును, చీల వదులగును. కొందఱు అప్పుడు గొడ్డలిని నీళ్లలో నానవేయుదురు. కఱ్ఱ ఉబ్బి ఆ పూటకు బిగియును గాని, ఆఱగానే మునుపటికంటె వదులగును. మేము చేసినది వేఱు. తల క్రిందికి వ్రేలాడునట్లు కామను పట్టుకొని, కామ కొనపై రాతితో కొట్టితిమి. కొట్టినకొలది తల తనంతట తానే కామపైకి ఎక్కును. ఆటోలోని ఎండుకఱ్ఱ ముక్కను చెక్కి చీలగా దిగగొట్టితిమి.

పిమ్మట గొడ్డలి ఆ కుమారుడే తీసికొనెను. అతని పనితనము చూచి నేను నేర్చుకొంటిని. మ్రాను తనకును కొమ్మకును నడుమ నుండునట్లు ఆవలిప్రక్క నిలిచి కొట్టును. వేటు తప్పినను కాలికి తగలదు. బరువు క్రింద విల్లువలె వంగిన కొమ్మను ఒక్క పెట్టున నఱకడు. అది తెగిన క్షణమున ఎగసి కొట్టును. ప్రక్కగా నిలిచి, వంపు లోపలివైపు కొంచెము కొంచెముగా చెక్కుచు దాని బిగువు తీర్చును. జీడిమామిడి మెత్తని కఱ్ఱ గనుక గంటన్నరలో ఆటో పట్టునంత దారి ఏర్పడెను. అదే కొబ్బరిమ్రానైనచో అంత సులువు గాదు. దాని లోపల మెత్తనయైనను పై భాగము ఇనుమువలె గట్టిది, పదునును తినివేయును. దానిని త్రాడు కట్టి ట్రాక్టరుతో ఈడ్చుటయే మేలు. వృద్ధుడు ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి చేరెనని తరువాత తెలిసినది.

ఇక కారులో ఉంచుకొను విధము. రెండడుగుల కామయు, కిలో బరువు తలయు చాలును. కామకు తుమ్మగాని చిరుమానుగాని మంచిది. చార కొననుండి కొనకు తిన్నగా సాగవలెను. పైభాగము లావుగానుండి, క్రిందినుండి తల ఎక్కించు నాటు గొడ్డలి దొరికినయెడల అదియే నా ఎన్నిక: విసరినకొలది బిగియును, ప్రయాణమున తలను కామను విడదీసి వేఱువేఱుగా ఉంచవచ్చును. అంచునకు పాత టైరు ముక్కతో ఒఱ చేసి కట్టవలెను. సీటు క్రింద ఎన్నడును ఉంచరాదు. బ్రేకు వేసినపుడు జాఱి వచ్చి డ్రైవరు పాదముల నడుమ చేరును. డిక్కీలో త్రాటితో కట్టి ఉంచుడు. మాసమున కొకసారి కామకు అవిసెనూనె, ఇనుమునకు ఆముదము పూయవలెను. పదునునకు ఆకురాయి చాలును. మొద్దు గొడ్డలి అపాయము లేనిదని తలచువారు కలరు; అదియే కఱ్ఱపై నిలువక జాఱి కాలిపై పడును.

విడిదిలో దీని ఉపయోగము మేడారపు జాతరకు పోవు కుటుంబములు బాగుగా నెఱుగును. రెండేండ్లకొకసారి మాఘమాసమున అక్కడ చెట్ల క్రింద దిగి, మూడు రాళ్ల పొయ్యి పెట్టుకొందురు. కట్టెలు మంచుకు తడిసినను చీల్చినయెడల లోపలి పేళ్లు పొడిగానుండి మండును. అయితే చీల్చవలసినది కొన్న కట్టెలనే. ములుగు ప్రాంతమున అడవి అధికము. ఏటూరునాగారము అభయారణ్యము ఆ చేరువనే కలదు. రిజర్వు అడవిలో పచ్చని కొమ్మ నఱకినయెడల 1967వ సంవత్సరపు అటవీ చట్టము క్రింద గొడ్డలినే గాక, కట్టె మోయు బండిని కూడ పట్టుకొనవచ్చును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము అనుమతి లేనిదే ఆయుధముతో అభయారణ్యమున ప్రవేశింపరాదు. గొడ్డలియు ఆ లెక్కలోనికి రాగలదు. కావున అట్టి దారిన పోవునపుడు చెక్‌పోస్టువారికి ముందుగానే చూపి, వారు ఉంచి పొమ్మనినచో ఉంచి పోవుడు, తిరుగుదారిలో తీసికొనవచ్చును.