సంతకం ఎవరిది? ఉద్దానం స్త్రీలు, ఊరి పాలన

2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో ప్రతి వెయ్యి మంది పురుషులకు 1015 మంది స్త్రీలున్నారు. ఉద్దానంలోకి వెళ్తే ఈ అంకె కంటికే కనిపిస్తుంది. మగవారు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై, గుజరాత్ రేవులు, గల్ఫ్ దేశాలు పట్టుకొని పోగా ఇల్లు, తోట, పిల్లల చదువు, ముసలివారి మందులు ఆడవారి చేతిలోనే ఉన్నాయి. పలాస జీడి బట్టీల్లో పిక్కలు కొట్టి పప్పు తీసేదీ వారే. కవిటి, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో కిడ్నీ జబ్బుతో మంచానపడ్డ భర్తను డయాలసిస్‌కు తీసుకువెళ్ళేదీ వారే. ఊరికి ఏం కావాలో వీరికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? అయితే ఆ ఊరి నిర్ణయాలు ఎవరు చేస్తున్నారన్నది వేరే ప్రశ్న. సంఘ సభ్యులలో చాలామంది మమ్మల్ని అడుగుతున్నదీ అదే: చట్టం స్త్రీలకు ఇచ్చిందేమిటి, అది చేతికి అందిందా?

ముందుగా చట్టం సంగతి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. పంచాయతీల్లో మూడింట ఒక వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించాలన్నది దాని నియమం. వార్డు సభ్యుల స్థానాలకే కాదు, సర్పంచి పదవులకు కూడా అది వర్తిస్తుంది. తర్వాత మన రాష్ట్రం ఆ వాటాను సగానికి పెంచింది. 2013లోనూ, 2021 ఫిబ్రవరిలోనూ జరిగిన పంచాయతీ ఎన్నికలు ఈ సగం లెక్కతోనే జరిగాయి. కేటాయింపు ఒకే ఊరికి శాశ్వతం కాదు, మారుతూ ఉంటుంది. ఇంకొక మాట కూడా గుర్తుంచుకోవాలి. స్త్రీలకు కేటాయించని స్థానంలో కూడా స్త్రీ నిలబడవచ్చు. "ఈసారి ఆడవాళ్ళ సీటు కాదు కదా" అని మన ఇళ్ళలో అనుకునే మాటకు చట్టంలో ఆధారం లేదు.

శాసనసభ, లోక్‌సభల సంగతి ఇంకా దూరంలో ఉంది. 2023 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన 106వ రాజ్యాంగ సవరణ అక్కడ కూడా మూడో వంతు స్థానాలు స్త్రీలకు ఇవ్వాలంటుంది. కానీ జనాభా లెక్కలు తీసి, నియోజకవర్గాల పునర్విభజన చేశాకనే అని దానిలోనే ముడి వేశారు. 2024లో ఎన్నికైన లోక్‌సభలో 543 మందిలో స్త్రీలు 74 మంది. అంతకుముందు సభలో 78 మంది. ఇవ్వబోతున్నామని చట్టం చేసిన మరుసటి ఎన్నికలోనే సంఖ్య తగ్గిందన్నమాట.

మన ప్రాంతపు స్త్రీలు రాజకీయానికి కొత్తవారేమీ కాదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. ఆ వేడి చల్లారకముందే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో రైతులపై పోలీసులు కాల్పులు జరిపారు. నాగలికి, పొయ్యికి అడవి నుంచి కర్ర తెచ్చుకునే హక్కు గురించి మొదలైన తగవు అది. ఆ కాల్పుల్లో నేలకొరిగిన సాసుమాన గున్నమ్మను ఈ ప్రాంతం ఇప్పటికీ వీర గున్నమ్మ అనే పిలుస్తుంది. అప్పటికి ఆమె గర్భిణి అని పెద్దలు చెబుతారు. ఆమె ఏ పదవికీ పోటీ చేసిన మనిషి కాదు. జమీందారీ గ్రామంలో ఒక సాధారణ రైతు స్త్రీకి అప్పట్లో ఓటైనా ఉండేది కాదు.

ఆ తర్వాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న పాఠం నుంచి మొదలైన ఆ కదలిక రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, అది 1997లో సడలిపోయింది. మన తీరంలోనే 2010 జూలై 14న సోంపేట బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న రైతులు, మత్స్యకారులపై కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా నిరసన దీక్షల్లో, ఊరేగింపుల్లో ముందు వరుసలో ఆడవారున్నారు. చేపలు, నీరు, పశువుల మేత పోతే మొదట ఖాళీ అయ్యేది తమ వంటిల్లేనని వారికి తెలుసు.

పదవుల విషయానికి వస్తే మన జిల్లా చరిత్ర అంత చిన్నది కాదు. ఎచ్చెర్ల నుంచి 1983 మొదలు వరుసగా గెలుస్తూ వచ్చిన కావలి ప్రతిభా భారతి 1999లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి మహిళా స్పీకరయ్యారు. దళిత స్త్రీ ఆ కుర్చీలో కూర్చోవడం అప్పటివరకు జరగలేదు. టెక్కలిలో వైద్యురాలిగా పేరు తెచ్చుకున్న కిల్లి కృపారాణి 2009లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానంలో, అంతకుముందు నాలుగుసార్లు గెలిచిన కింజరాపు ఎర్రన్నాయుడిని ఓడించారు. 2012లో కేంద్ర సహాయమంత్రి అయ్యారు. అదే 2009లో టెక్కలి శాసనసభ్యుడు కొర్ల రేవతీపతి మరణించగా ఆయన భార్య కొర్ల భారతి ఉప ఎన్నికలో గెలిచారు. జిల్లా పరిషత్తు అధ్యక్ష పీఠం 2014లో చౌదరి ధనలక్ష్మికి, 2021లో పిరియా విజయకు దక్కింది. పలాస నియోజకవర్గం 2008లో ఏర్పడింది. అక్కడినుంచి శాసనసభకు వెళ్ళిన తొలి మహిళ గౌతు శిరీష. 2019లో ఓడి, 2024లో గెలిచారు. ఆమె సర్దార్ గౌతు లచ్చన్న మనుమరాలు, మాజీ మంత్రి శివాజీ కుమార్తె.

ఈ పేర్లు చదివినవారికి ఒక విషయం తట్టే ఉంటుంది. చాలా పేర్ల వెనుక తండ్రో, తాతో, భర్తో ఉన్నారు. దీన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు, మగ నాయకుల వెనుక కూడా తండ్రులు, తాతలు ఉన్నారు గదా! అయినా ఏ కుటుంబం పేరూ లేని జీడి కార్మికురాలు ఏ మెట్టు మీద కాలు పెట్టి పైకి ఎక్కాలి అంటే, మాకు కనిపించేది పంచాయతీ ఒక్కటే. అందుకే అక్కడ జరుగుతున్నది మనం జాగ్రత్తగా చూడాలి.

చాలా ఊళ్ళలో జరుగుతున్నది అందరికీ తెలుసు. గోడ మీద పేరు ఆమెది, ఫ్లెక్సీ మీద పెద్ద బొమ్మ ఆయనది. సర్పంచిగారు ఎవరని అడిగితే భర్తను చూపిస్తారు. మండల సమావేశానికి ఆయనే వెళ్తాడు, ఆమె సంతకం ఇంటి దగ్గర పెట్టిస్తారు. ఇప్పుడు సంతకం కూడా అక్కర్లేదు. పంచాయతీ డబ్బు చెల్లింపులు కంప్యూటరులో డిజిటల్ సంతకంతో జరుగుతున్నాయి. చిన్న పెన్‌డ్రైవు లాంటి ఆ కీ, దాని పాస్‌వర్డు ఎవరి జేబులో ఉంటే పంచాయతీ వారిదే. ఆమెకు తెలియకుండా ఆమె పేరు మీద బిల్లు పాసైతే రేపు విచారణలో జవాబు చెప్పవలసింది ఆమెే గాని ఆయన కాదు. ఈ సంగతి చాలామంది సర్పంచి భర్తలు ఆలోచించరు, ఆలోచించినా చెప్పరు.

ఇది మన ఒక్క రాష్ట్రపు జబ్బు కాదు. ఉత్తరాదిలో దీనికి 'సర్పంచ్ పతి' అని పేరే పెట్టారు. సుప్రీంకోర్టు సూచన తర్వాత 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ఒక సలహా సంఘాన్ని వేసింది. ఆ సంఘం 2025లో నివేదిక ఇస్తూ, భార్య స్థానంలో పాలించే భర్తలకు గట్టి శిక్షలు ఉండాలని చెప్పింది. శిక్ష మంచిదే. కానీ ఊళ్ళో ఫిర్యాదు చేసేదెవరు? భార్యా? అందుకే మాకు శిక్ష కంటే శిక్షణ మీద, తోడు మీద నమ్మకం ఎక్కువ. తోడంటే ఏమిటో డ్వాక్రా సంఘాలు చూపించాయి. 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. నెలనెలా పొదుపు, తీర్మానాల పుస్తకం, బ్యాంకులో మేనేజరుతో ముఖాముఖి, గ్రామైక్య సంఘంలో లెక్క చెప్పడం వీటన్నిటికీ అలవాటుపడిన స్త్రీ పంచాయతీ కుర్చీలో కూర్చుంటే, ఆమె ముందు నుంచి రిజిస్టరు లాక్కోవడం అంత తేలిక కాదు.

బయటి ప్రపంచాన్ని కూడా ఒకసారి చూద్దాం. ప్రపంచంలో తొలి మహిళా ప్రధాని మన పక్కనున్న శ్రీలంకలో, 1960లో వచ్చారు. ఆమె సిరిమావో బండారనాయకె. 1893లోనే స్త్రీలకు ఓటు ఇచ్చిన న్యూజిలాండులో పార్లమెంటులో స్త్రీలు సగానికి చేరడానికి 2022 దాకా పట్టింది. అదే పసిఫిక్ సముద్రంలో పాపువా న్యూగినీ పార్లమెంటుకు 2017 ఎన్నికల్లో ఒక్క స్త్రీ కూడా ఎన్నిక కాలేదు, 2022లో ఇద్దరు ఎన్నికయ్యారు. క్రైస్తవులు అత్యధికంగా ఉన్న దేశమది. ఆదివారం గుళ్ళు నిండినంత మాత్రాన సభలో స్త్రీలకు చోటు దొరకదని దీన్నిబట్టి తెలుస్తోంది. సమోవా దీవుల్లో కనీసం పదో వంతు స్థానాలు స్త్రీలకు ఉండాలని 2013లో రాజ్యాంగంలో రాసుకున్నారు. 2021లో అక్కడ ఫియామే నయోమి మతాఫా ప్రధాని అయ్యారు. మనకు ఎక్కువగా పనికొచ్చేది నేపాల్ పద్ధతి. 2017 స్థానిక ఎన్నికల నుంచి అక్కడ ప్రతి వార్డులో ఇద్దరు స్త్రీలు ఉండాలి, వారిలో ఒకరు దళిత స్త్రీ అయి తీరాలి. ఒంటరిగా ఒక స్త్రీని పదిమంది మగవారి మధ్య కూర్చోబెట్టడం కంటే ఇద్దరిని కూర్చోబెట్టడంలో ఇంగితం ఉంది.

దళిత స్త్రీ మాట వచ్చింది గనుక, మన సంఘాలలో గుసగుసగా మాత్రమే మాట్లాడుకునే విషయాన్ని ఇక్కడ తేటగా చెప్పాలి. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడవ పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారిని మాత్రమే ఎస్సీలుగా గుర్తిస్తారు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవ్యం స్వీకరించిన ఎస్సీ కుటుంబం మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తుంది. అంటే ఎస్సీ మహిళకు కేటాయించిన సర్పంచి స్థానానికి ఆమె నిలబడితే, ప్రత్యర్థి అభ్యంతరం లేవనెత్తి కోర్టుకు వెళ్ళవచ్చు. బీసీ మహిళా స్థానానికి, జనరల్ మహిళా స్థానానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఎస్టీల విషయంలో మతాన్నిబట్టి ఇటువంటి నిబంధన లేదు. మందస కొండల్లోని సవర క్రైస్తవ స్త్రీ ఎస్టీ స్థానంలో నిలబడవచ్చు. ఈ తేడా న్యాయమేనా అంటే, కాదనే మా అభిప్రాయం. ఎవరి వెలి వారి బాప్తిస్మంతో పోయిందో ఉద్దానం వీధుల్లో నడిచినవారు చెప్పగలరు. అంతవరకు నామినేషను వేసే ముందు తన కుల ధృవీకరణ పత్రంలో ఏముందో మన సహోదరి చూసుకోవాలి, తెలిసిన న్యాయవాదిని అడగాలి.

ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికలకు అనర్హులన్న పాత నిబంధనను 2024 నవంబరులో శాసనసభ తొలగించింది. ఎందరు పిల్లలన్నది తన చేతిలో లేని స్త్రీకే ఆ నిబంధన ఎక్కువ దెబ్బగా ఉండేది. ఇది ఇంకా తెలియని ఊళ్ళున్నాయి గనుక రాస్తున్నాము.

సంఘం లోపలి మాట కూడా అనకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. కెనడియన్ బాప్టిస్టు మిషను పనిచేసిన ఈ తీరంలో ఇంటింటికీ నడిచి అక్షరం, వాక్యం, మందు అందించినవారిలో బైబిలు స్త్రీలు ఎందరో. దక్షిణ ఇండియా సంఘంలో 2013లో నంద్యాల అధ్యక్ష ఖండానికి ఇ. పుష్పలలిత బిషప్పుగా అభిషిక్తులయ్యారు, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్పు మన తెలుగు స్త్రీయే. అయినా మన ఊరి గుడిలో కానుకల లెక్క రాసే కమిటీలో ఎంతమంది స్త్రీలున్నారు? స్త్రీల సమాజం కూడికలో గంటసేపు ప్రార్థించి, సాక్ష్యం చెప్పి, లెక్క అప్పజెప్పే తల్లి, సంఘ సర్వసభ్య సమావేశంలో వెనుక చాప మీద మౌనంగా ఉంటుంది. గుడిలో నోరు విప్పనివ్వని ఆమెను గ్రామసభలో మాట్లాడమంటే ఎలా? సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు, ప్రధానుల ముందు, సర్వసమాజము ముందు నిలబడి తమ భాగం అడిగిన సంగతి సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో ఉంది. వారిని వెళ్ళిపొమ్మనలేదు. చట్టమే మారింది. ఆ అధ్యాయం మీద ప్రసంగం విన్నవారు మనలో ఎంతమంది?

చివరిగా చేతిలో ఉన్న పని. ఊళ్ళో ఓటున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే, దానికి ఎవరి ఆహ్వానమూ అక్కర్లేదు. 2021 నుంచి 2026 వరకు పంచాయతీలకు వచ్చిన పదిహేనవ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు చేయాలన్న షరతు ఉంది. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఉద్దానంలో నీటి మీద ఎంత ఖర్చయిందో తెలుసుకోవడం రాజకీయం అనిపించుకోదు, ప్రాణావసరం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, ఉద్దానానికి మంచినీటి పథకం ప్రారంభమయ్యాయి. ఆ నీరు మన వీధి కుళాయికి ఏ రోజుల్లో వస్తోంది, ఏ వీధికి రావడం లేదు, పైపు పగిలితే బాగుచేసిన ఖర్చు ఏ పద్దులో రాశారు, చెల్లింపు మీద డిజిటల్ సంతకం ఎవరు పెట్టారు? వచ్చే గ్రామసభకు స్త్రీల సమాజం నుంచి నలుగురు కలిసి వెళ్ళి ఈ నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి ఇవ్వాలి. కార్యదర్శి చేత అందినట్టు సంతకం పెట్టించుకోవాలి. జవాబు సర్పంచమ్మ నోటి నుంచే రావాలని మర్యాదగా కోరాలి. ఆమె తడబడితే నవ్వకుండా, చెప్పేదాకా ఆగాలి.