దృశ్యప్రసారమును కోట్లమందికి పంచు విధము



మీ మనుమఁడు చేతిలోని ఫోనున క్రికెట్టు ఆట చూచుచుండును. ఆ నిమిషముననే దేశమందలి కోట్లమంది ఆ యాటనే చూచుచుందురు. అందఱికిని ఆ దృశ్యము ఆగక యెట్లు చేరుచున్నదో నేఁడు విచారింతము.

మొదట రేడియోకును దీనికిని గల భేదమును గుర్తింపవలెను. తరంగములపై వచ్చు ఈ ప్రసంగమును పదిమంది విన్నను, పది లక్షలమంది విన్నను ప్రసారకేంద్రమునకు భార మొక్కటియే. ఇంటర్నెట్టు అట్టిది కాదు. చూచు ప్రతివానికిని వేఱువేఱుగ ఒక్కొక్క ప్రతిని పంపవలెను. 2023 నవంబరు 19వ తేదీన అహమ్మదాబాదులో జరిగిన ప్రపంచకప్పు ఫైనలును హాట్‌స్టారులో ఒకే సమయమున 5 కోట్ల 90 లక్షలమంది చూచిరి. ఒకటి, సున్న అను గుర్తులు పది లక్షలు చేరిన నొక మెగాబిట్టు. ఒక్కొక్కరికి సెకనుకు 2 మెగాబిట్లే చాలు ననుకొన్నను, మొత్తము సెకనుకు 11 కోట్ల 80 లక్షల మెగాబిట్లగును. ఏ యొక్క కేంద్రమును దీనిని మోయఁజాలదు.

కావున మూలమును పెంచుటకంటె ప్రతులను జనుల చేరువకుఁ జేర్చుటయే యుపాయము. ఊరివారందఱు చెఱువు తూము కడనే కడవలతో నిలిచినచో తొక్కిసలాటయే. వాడవాడకును తొట్టి కట్టినచో ఆ బాధ యుండదు. పైగా నీరు తోడినకొలఁదిఁ దఱుగును, దృశ్యము తఱుగదు. 1998లో అమెరికాలో గణితాచార్యుఁడు టామ్ లైటన్, ఆయన శిష్యుఁడు డానియెల్ లెవిన్ మున్నగువారు స్థాపించిన అకమాయ్ సంస్థ యీ మార్గమున నడచినది. నెట్‌ఫ్లిక్సు సంస్థ 2012లో ప్రకటించిన ఏర్పాటు ననుసరించి, ఇంటర్నెట్టు నందించువారి కేంద్రములలోనే తన నిలువపెట్టెల నుంచి, రద్దీ తక్కువగా నున్న వేళల వానిని సినిమాలతో నింపుచున్నది.

జరుగుచున్న యాటను ముందుగా నిలువచేయుట యెట్లని మీ రడుగవచ్చును. దృశ్యమును కొద్ది సెకనుల ముక్కలుగాఁ గోయుదురు. చేరువనున్న నిలువకేంద్రము ప్రతిముక్కను మూలమునుండి ఒక్కసారి తెచ్చుకొని, దానినే వేలమందికి ఇచ్చును. మూలమునకు భారము తగ్గుటకు కారణ మిదియే. అందువలననే మీ యింట వికెట్టు పడుట ఆటస్థలమునకంటె కొన్ని సెకనులు వెనుకగాఁ గనఁబడును.

ఇఁక రద్దీ సంగతి. క్రొత్త యంత్రములు పని కందుటకు కొన్ని నిమిషములు పట్టును. జనము క్షణములో వచ్చిపడును. కావున వచ్చువారి నంచనావేసి ముందే యంత్రములను సిద్ధపఱతురు. జనము మరలిపోవుటయు అపాయకరమే. ప్రియమైన ఆటగాఁడు ఔటైనంతనే లక్షలమంది యొక్కుమ్మడిగా ఆట విడిచి మొదటి పుటకు వత్తురు. అంతవఱకు దృశ్యము పంపు యంత్రములపై నున్న భారము, ఆ పుటను చూపు యంత్రములపైఁ బడును. వానినిఁ గూడ సిద్ధముగా నుంపవలెను. ఒక నిలువకేంద్రము చెడినచో, అడుగువారిని మఱియొకదానికి మరలించు ఏర్పాటు నుండవలెను.

ప్రతిముక్కను స్పష్టము, మధ్యమము, మసక అని పలుమట్టములఁ జేసి యుంతురు. తీఁగలో నడక మందగించినచో ఫోను తానే చిన్నముక్క నడుగును. బొమ్మ మసకయగును గాని ఆట యాగదు. దూరపు పల్లెలోని బలహీనమైన సిగ్నలుతోఁ జూచువాఁడును పట్టణవాసితో పాటు ఆటను చూడఁగలుగుట కిదియే యాధారము. ఏర్పాటు మంచిదో కాదో ఆ పల్లెయందే తేలును.